మాట్లాడే ప్రేమకథలు

1986లో వెనిస్ చలనచిత్రోత్సవంలో గోల్డెన్ లయన్ గెలిచిన సినిమాకి రాసిపెట్టుకున్న డైలాగులు లేవు. పేరున్న స్టార్లు లేరు. ఉన్నదల్లా ఒక 16 ఎంఎం కెమెరా, వేళ్ల మీద లెక్కపెట్టగలిగే యూనిట్టు. కెమెరా పట్టింది, సౌండ్ చూసింది, ఖర్చుల లెక్క చూసింది అంతా ఆడవాళ్లే, అదీ కుర్రవయసు వాళ్లు. దర్శకుడికి మాత్రం అరవై దాటాయి. ఆయన ఎరిక్ రోమర్, ఆ సినిమా ‘ది గ్రీన్ రే’.

కథ అడిగితే రెండు ముక్కల్లో చెప్పేయొచ్చు. పారిస్‌లో సెక్రటరీగా పనిచేసే డెల్ఫీన్‌తో సెలవులకి రావాల్సిన స్నేహితురాలు చివరి నిమిషంలో చెయ్యిచ్చింది. డెల్ఫీన్ ఒంటరిగా షెర్‌బూర్ వెళ్లింది, ఆల్ప్స్ కొండలెక్కింది, బియారిట్జ్ బీచికి వెళ్లింది. ఎక్కడా కుదురుకోలేదు. వెళ్లినచోటల్లా కళ్లనీళ్లు పెట్టుకుంది. అంతే.

ఇందులో ఏడవడానికేముంది అనిపించొచ్చు. ఫ్రాన్సులో అప్పటి సెలవుల సంగతి తెలిస్తే ఉందని అర్థమవుతుంది. 1936లో కార్మికులు పోరాడి తెచ్చుకున్న రెండువారాల జీతంతో కూడిన సెలవు పెరుగుతూ పెరుగుతూ 1982లో అయిదు వారాలైంది. ఆగస్టు వచ్చిందంటే పారిస్ ఖాళీ. రొట్టెల దుకాణం దగ్గర్నుంచి ఆఫీసుల దాకా షట్టర్లు దించేవారు. అలాంటి నెలలో ఊళ్లో ఒక్కతే మిగిలిందంటే ఆమెకెవరూ లేరని నలుగురికీ తెలిసిపోయినట్టే. డెల్ఫీన్‌ని కుంగదీసింది ప్రియుడు లేకపోవడం ఒక్కటే కాదు, అది అందరికీ తెలిసిపోవడం కూడా.

షెర్‌బూర్‌లో తోటలో భోజనాల బల్ల దగ్గర ఒక సన్నివేశం ఉంది. ఈ కాలమ్ రాసే చెయ్యి ప్రేమ సన్నివేశాలు రాసేవాళ్లందరికీ దాన్నే సిఫార్సు చేస్తుంది, అందులో ప్రేమ అన్న మాట లేకపోయినా సరే. బల్లమీద మాంసం వడ్డించారు. తను మాంసం తినదని డెల్ఫీన్ చెప్పింది. అక్కణ్ణుంచి మొదలైంది తంతు. మరి చేప? గుడ్డు? ఎందుకు తినవు? పెళ్లి పందిట్లో ‘ఇంకా సంబంధం కుదరలేదా’ అని అడిగే బంధువుల్లా వాళ్లలో ఎవరికీ చెడు ఉద్దేశం లేదు. ఆప్యాయంగానే అడుగుతారు. డెల్ఫీన్ కూడా నవ్వుతూనే మొదలుపెట్టింది. సలాడ్ ఆకు తనకి తేలిగ్గా, దగ్గరిదానిలా ఎందుకనిపిస్తుందో వివరించబోయి తడబడింది, చేతులు తిప్పింది, వాక్యాన్ని మధ్యలో వదిలి ఇంకోటి అందుకుంది. ఎంత వివరిస్తే అంత ఒంటరిదైపోయింది. తను ఎవరితోనూ ఎందుకు కలవలేకపోతోందో ఆమెకి తెలీదు. ఆ కొద్ది నిమిషాల్లో చూసేవాళ్లకి తెలిసిపోతుంది.

ఎనభైల్లో ఐరోపాలో వచ్చిన మంచి ప్రేమ సినిమాల పనితనం ఇక్కడే దొరుకుతుంది. వాటిలో మనుషులు తమ గురించి తెగ మాట్లాడతారు, లేదంటే ఒక్క ముక్కా మాట్లాడలేరు. రెండు పద్ధతుల్లోనూ అసలు సంగతి నోటినుంచి రాదు. నోరు ఒకటి చెబుతుంటే మొహమో చేతులో ఇంకొకటి చెబుతాయి. ఆ తేడాని పట్టుకోవడమే దర్శకుడి పని. దానికి ఒక్కొక్కరిది ఒక్కో ఉపాయం.

రోమర్ ఉపాయం ఓపిక. ‘గ్రీన్ రే’లో డెల్ఫీన్‌గా చేసిన మారీ రివియేర్ తన మాటలు తనే కూర్చుకుంది. స్క్రీన్‌ప్లే క్రెడిట్లో రోమర్ పక్కన ఆమె పేరూ పడింది. షెర్‌బూర్ బల్ల దగ్గరివాళ్లు చాలామంది నటులు కారు, ప్రశ్నలు వాళ్ల సొంత ప్రశ్నలే. ఇది చూసి రోమర్ సినిమాలన్నీ అక్కడికక్కడ అల్లినవే అనుకుంటారు చాలామంది. అది పొరపాటు. 1981 నుంచి 1987 దాకా ‘కామెడీలు, సామెతలు’ అన్న పేరుకింద ఆయన తీసిన ఆరు సినిమాల్లో ఈ ఒక్కదాన్ని పక్కనపెడితే మిగతావాటిలో మాటలు ఆయన ముందే రాసినవి. నటులతో గంటలకొద్దీ కబుర్లాడేవాడు, వాళ్ల పలుకుబడి వినేవాడు, టేపులో పట్టేవాడు, ఇంటికెళ్లి రాసేవాడు. ఆనక వాళ్లచేత పొల్లుపోకుండా చెప్పించేవాడు. సాహిత్యం పాఠాలు చెప్పిన పాత మాస్టారు కదా! అసలు పేరు మారిస్ షెరర్. కొడుకు సినిమాలు తీస్తున్నాడని తల్లికి తెలియనివ్వలేదట. ఆమె దృష్టిలో ఆయన చివరిదాకా బడిపంతులే. ఇంట్లో అంత పెద్ద సంగతి దాచిన మనిషి, తన పాత్రలు తమ దగ్గర తామే సంగతులు దాచుకునే కథలు రాయడంలో వింతేముంది.

ఆ వరసలోదే 1984లో వచ్చిన ‘ఫుల్ మూన్ ఇన్ పారిస్’. లూయీజ్ పారిస్ శివారులోని మార్న్-లా-వాలే అనే కొత్త టౌన్‌షిప్‌లో ప్రియుడితో కలిసి ఉంటుంది. నగరంలో తన పాత గది మాత్రం వదులుకోదు. ఒంటరిగా ఉండే అనుభవం కావాలంటుంది. ఇద్దరికీ ఇదే మంచిదని లెక్కలు కట్టి, నమ్మకంగా, అందంగా వాదిస్తుంది. ఆమె వాదనలో ఎక్కడా తప్పు పట్టలేం. చిక్కల్లా అవతలి మనిషి ఆ లెక్కలో ఇమడకపోవడమే. ప్రియుడు రెమీ ఎక్కువ మాట్లాడడు, తలుపు మీద కోపం చూపిస్తాడు. చివరికి గది అక్కర్లేదు, నువ్వే కావాలని లూయీజ్ తెల్లారగట్ల ఇల్లు చేరేసరికి అతను ఇంకో అమ్మాయి మనిషైపోయాడు. లూయీజ్‌గా చేసిన పాస్కాల్ ఓజియే ఆ సినిమాకి సెట్ల అలంకరణ కూడా చూసుకుంది. ఆ గోడల రంగులు, దీపాలు ఆమె ఎంపికే. వెనిస్‌లో ఉత్తమ నటి అవార్డు అందుకుని రెండు నెలలు తిరక్కుండానే, 1984 అక్టోబరు 25న, గుండెపోటుతో పోయింది. మర్నాటికి ఇరవై ఆరు నిండేవి. సినిమా మొదట్లో షాంపేన్ ప్రాంతపు సామెత అని ఒకటి వేస్తారు. అలాంటి సామెత ఆ ప్రాంతంలో లేదు, రోమర్ సొంతంగా పుట్టించిందే.

ఫ్రాన్సులో ఇంత మాట్లాడుతుంటే పోలండ్‌లో మాట పెగలడం లేదు.

1981 డిసెంబరులో అక్కడ మార్షల్ లా పెట్టారు. దశాబ్దం మధ్యకొచ్చేసరికి జనం అలసిపోయారు. దర్శకుడు క్రిష్టోఫ్ కీష్లోవ్‌స్కీ, లాయరైన క్రిష్టోఫ్ పీషేవిచ్ కలిసి బైబిల్లోని పది ఆజ్ఞల మీద టీవీకి పది కథలు రాశారు. అన్నిటికీ వేదిక వార్సాలోని ఒక బహుళ అంతస్తుల కాలనీ. ఆరో భాగాన్ని పెంచి 1988లో ‘ఎ షార్ట్ ఫిల్మ్ అబౌట్ లవ్’ పేరుతో సినిమాగా విడుదల చేశారు. పంతొమ్మిదేళ్ల టోమెక్ పోస్టాఫీసులో గుమాస్తా. ఎదుటి బ్లాకులో ఉండే మాగ్దాని దొంగిలించిన టెలిస్కోపుతో చూస్తుంటాడు. ఆమె ఇంటికొచ్చే వేళకి అలారం పెట్టుకుంటాడు. ఆమె తన కౌంటరు దగ్గరికి రావాలని మనియార్డరు వచ్చిందంటూ దొంగ చీటీలు ఆమె డబ్బాలో వేస్తాడు. డబ్బేదీ అని ఆమె వచ్చి నిలదీస్తుంది, పోస్టాఫీసు పెద్దావిడ ఆమెనే దబాయిస్తుంది. పొద్దున్నే ఆమె గుమ్మం తొక్కే వంక దొరుకుతుందని పాలసీసాలు వేసే పనికి కూడా కుదురుకుంటాడు.

ఈ పాల దగ్గరే కీష్లోవ్‌స్కీ దెబ్బ కొడతాడు. ఒక రాత్రి మాగ్దా ప్రియుడితో గొడవపడి ఇంటికొచ్చింది. బల్లమీద పాలసీసా ఒరిగిపోయి పాలు పారాయి. ఆమె ఆ పాలల్లో వేలితో గీస్తూ, తల వాల్చి ఏడ్చింది. టోమెక్‌కి ఇదంతా గాజు అద్దంలోంచి కనిపిస్తుంది, వినిపించదు. ఆ పిల్లాడు తనుంటున్న ఇంటావిడ దగ్గరికెళ్లి మనుషులు ఎందుకేడుస్తారని అడుగుతాడు. ప్రేమ గురించి అతనికి తెలిసిందంతా అంతే. తర్వాత ఆమె ఎదురుగా నిలబడి ప్రేమిస్తున్నానని చెప్పినప్పుడు, మరి నీకేం కావాలని ఆమె వరసగా అడుగుతూ పోతుంది. ఏమీ వద్దంటాడు. నిజంగానే అతనికి ఏం అడగాలో తెలీదు. ఆ తెలీనితనాన్ని ఆమె తన గదిలో వెక్కిరించిన తీరుకి అతను ఇంటికి పరిగెత్తి మణికట్టు కోసుకున్నాడు.

పక్కింటి కిటికీలోకి తొంగిచూడటాన్ని ప్రేమనొచ్చా అన్న ప్రశ్న ఇవాళ చూసేవాళ్లకి గట్టిగానే వస్తుంది, రావాలి కూడా. సినిమా అతన్ని వెనకేసుకు రాదు. అయితే టీవీ భాగానికీ సినిమాకీ ముగింపు వేరు. టీవీలో ఆసుపత్రి నుంచి వచ్చిన టోమెక్, ఇక మిమ్మల్ని తొంగిచూడటం లేదని కౌంటరు వెనకనుంచి పొడిగా చెబుతాడు. సినిమాకి ముగింపు మార్చమని అడిగింది మాగ్దాగా చేసిన గ్రజీనా షపొవోవ్‌స్కా. జనానికి కాస్త కథ కావాలంది. దాంతో సినిమాలో మాగ్దా అతని గదికొచ్చి, అతని టెలిస్కోపులోంచి తన కిటికీని తనే చూసుకుంటుంది. పాలు ఒలికిన ఆ రాత్రి, ఏడుస్తున్న తను, భుజంమీద టోమెక్ చెయ్యి. అలా జరగలేదు, జరిగినట్టు ఆమె ఊహించుకుంటోంది. ఈ కాలమ్ ఓటు టీవీ ముగింపుకే. సినిమా ముగింపు అందమైనది, కానీ టీవీది ఎక్కువకాలం గుచ్చుతుంది.

మళ్లీ ఫ్రాన్సుకొస్తే, దర్శకుడు మోరిస్ పియాలాది ఇంకో తోవ, దాన్ని ఉపాయమనే కన్నా మాటువేయడం అనడమే నయం. 1983 నాటి ‘టు అవర్ లవ్స్’లో పదిహేనేళ్ల సుజాన్‌గా సాండ్రిన్ బోనెర్‌కి అది మొదటి పెద్ద వేషం. తండ్రిగా పియాలాయే చేశాడు. ఒక రాత్రి ఆలస్యంగా వచ్చిన కూతురితో, ఇదివరకు నీ బుగ్గలమీద రెండు సొట్టలుండేవి, ఒకటేదని అడుగుతాడు తండ్రి. ఇల్లు వదిలి వెళ్లిపోతున్నానని ఆ వెంటనే చెబుతాడు. సినిమా చివర్లో విందు సీను తీస్తుంటే, తండ్రి పాత్ర పనైపోయిందనుకున్న నటుల మధ్యకి పియాలా చెప్పాపెట్టకుండా నడిచొచ్చి కూర్చుని ఒక్కొక్కర్నీ దులపడం మొదలుపెట్టాడు. తెరమీద కనిపించే ఆ బిత్తరపాటు నటన కాదు. సినిమాకి ఫ్రాన్సులో ఉత్తమ చిత్రంగా సీజర్ అవార్డు వచ్చింది. అయినా నటుల్ని ఇలా దొంగదెబ్బ తీయడం సబబేనా అన్నది తేలని సంగతి. అదే నిజాన్ని రోమర్ ఎవర్నీ బెదరగొట్టకుండా రాబట్టాడు కదా.

అన్నట్టు, రోమర్ సినిమాకి పేరిచ్చిన ఆ ఆకుపచ్చ కిరణం నిజంగా ఉంది. సూర్యుడు అస్తమించేటప్పుడు గాలి పొరలు వెలుగుని రంగులుగా విడదీస్తాయి. ఎరుపు ముందు దిగిపోతుంది, సముద్రం అంచున చివరగా ఒకటి రెండు సెకన్లు పచ్చరంగు మిగులుతుంది. దాన్ని చూసినవాళ్లకి తమ మనసూ ఎదుటివాళ్ల మనసూ తెలుస్తాయని 1882లో జూల్స్ వెర్న్ నవల రాశాడు. సినిమా చివర్లో స్టేషన్‌లో పరిచయమైన అబ్బాయితో సముద్రం ఒడ్డున కూర్చున్న డెల్ఫీన్‌కి అది కనిపించాలి. ఫ్రాన్సు తీరంలో యూనిట్టుకి మాత్రం కనిపించలేదు. నెలల తర్వాత ఒక కెమెరామన్ కానరీ దీవుల దాకా వెళ్లి పట్టుకొచ్చాడు.

‘గ్రీన్ రే’లో మారీ రివియేర్‌ని బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఇలా ముడుచుకుంటే ఎవరు దొరుకుతారే అని మందలించి ఏడిపించే స్నేహితురాలు బెయాత్రిస్ రోమాన్. 1998లో, డెబ్బై ఎనిమిదేళ్ల వయసులో, రోమర్ ‘యాన్ ఆటమ్ టేల్’ తీస్తూ ఇద్దర్నీ మళ్లీ పిలిచాడు. ఈసారి ఒంటరిది బెయాత్రిస్. రోన్ లోయలో ద్రాక్షతోట చూసుకునే నడివయసు మనిషి. ఆమెకి చెప్పకుండా పేపర్లో సంబంధాల ప్రకటన వేయించి, వచ్చినవాణ్ణి ముందు తను కలిసి, అన్ని విధాలా పరీక్షించి చూసే స్నేహితురాలి వేషం మారీ రివియేర్‌ది.