నమూనాలో ఇటుకగోడ: ఒక విమర్శ

పాఠశాలల విజ్ఞాన ప్రదర్శనలలో ఇటుకగోడ లేని బల్ల అరుదు. రైలు స్టేషను కానిండు, తుపాను ఆశ్రయభవనము కానిండు, ప్రాచీన స్తూపము కానిండు, అట్టకు ఎర్రరంగు పూసి తెల్లగీతలు గీయుట పరిపాటి అయినది. దూరమునుండి చూచిన ఇంపుగనే ఉండును. కాని నమూనా కొలతకు కట్టుబడవలసిన వస్తువు. ఆ దృష్టితో పరీక్షించినచో ఈ గోడలలో పెక్కు నిలువవు.

మొదటి లోపము కొలతలోనిది. భారతీయ ప్రమాణముల ప్రకారము మాడ్యులర్ ఇటుక పొడవు 190 మి.మీ., వెడల్పు 90, ఎత్తు 90; అతుకు 10 మి.మీ. 1:20 నమూనాలో ఇటుక 9.5 × 4.5 × 4.5 మి.మీ. కావలెను; అతుకు అర మిల్లీమీటరే. కుంచెతో గీచిన తెల్లగీత 2 మి.మీ. ఉన్నదనుకొందము. దానిని 20తో గుణింపుడు: 40 మి.మీ. అగును! ఏ తాపీమేస్త్రి ఇటుకల నడుమ అంత సిమెంటు పెట్టును? అట్లే 2 మి.మీ. అట్ట 40 మి.మీ. గోడ అగును. ఒక ఇటుక మందపు గోడకు 10 మి.మీ. దాదాపుగా ఉండవలెను.

రెండవ లోపము కట్టుబడిలోనిది. అంత మందము గల గోడలో ఇటుకలన్నియు పొడవుగనే కనబడినచో ముందుపొరకు, వెనుకపొరకు బంధముండదు. అందుచే ఇంగ్లీషు కట్టులో ఒక వరుసలో ఇటుకల పొడవులు, పై వరుసలో చివరలు కనబడును. నిలువు అతుకులు ఒకదానిపై ఒకటి పడకుండ మూలల దగ్గర నిలువుగా చీల్చిన ముక్కలు పెట్టుదురు. ఇది చూపిన నమూనా గోడ ఎట్లు నిలుచునో బోధించును.

మూడవది రంగు. ఇటుకకు ఎరుపునిచ్చునది మట్టిలోని ఇనుము. బట్టీలో వేడి అన్నిచోట్ల ఒకటి కాదు గనుక ఇటుకలన్నియు ఒకే ఛాయలో కాలవు. నేలలోని ఉప్పు తేమతో ఎగబ్రాకి గోడ అడుగున తెల్లగా పూయును. నల్లరేగడి తడిసి ఉబ్బి, ఎండి కుంచించుకొనుటచే అతుకుల వెంట మెట్లుమెట్లుగా పగుళ్లు సాగును. గుడ్లవల్లేరు విద్యార్థి వీటికై ఏ పుస్తకమును వెదకనక్కరలేదు. తన వీథిగోడలను చూచిన చాలును.

స్తూపనమూనాలలో లోపము ఇంకను పెద్దది. భట్టిప్రోలు, గుడివాడ, ఘంటసాల స్తూపములపై అలెగ్జాండర్ రీ గ్రంథము 1894లో వెలువడినది. ఘంటసాల స్తూపగర్భము బండిచక్రమువలె ఉన్నది: నడుమ చదరపు కట్టడము, చుట్టును వలయపుగోడలు, వాటిని కలుపు ఆకులవంటి అడ్డుగోడలు. పైన గీతలు గీచిన బోర్లించిన గిన్నె ఈ నేర్పునంతటిని కప్పిపుచ్చును. ఒక ప్రక్క కోసి లోపల చూపిన నమూనా మేలు.

మరి చేయుటెట్లు? 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల ఎత్తుగల గోడ 1:20లో 20 × 15 సెం.మీ. అగును, 30 వరుసలు. ఇంగ్లీషు కట్టులో ముఖమునకే సుమారు 900 ముక్కలు కావలెను. ఓపిక లేనిచో ఒక మూలను మాత్రమే కట్టుడు. మట్టిపలకను కోసినచో ఆరునప్పటి కుదింపును ముందే లెక్కింపవలెను: పదవవంతు కుదించుకొను మట్టిలో 9.5 మి.మీ. ఇటుకకు సుమారు 10.6 మి.మీ. కోయవలెను. థర్మోకోల్‌పై స్ప్రే పెయింటు కొట్టరాదు. దానిలోని ద్రావణి థర్మోకోల్‌ను కరగించును. అచ్చువేసిన ఇటుకకాగితము, యంత్రము కోసిన పలక కొలతకు సరిపోవచ్చును. కాని కట్టుబడి సరియైనదో కాదో చూచుకొనుట చేసినవాని పనియే.

ఈ లోపములకు విద్యార్థులను నిందింపరాదు. మెరుపును చూచి మార్కులు వేయునది ఉపాధ్యాయులమైన మనమే. ఇకపై నమూనా ముందు నిలిచినపుడు స్కేలుబద్ద చేతబట్టి, "నాయనా, ఈ అతుకు ఎంత?" అని అడుగుదము. జవాబు చెప్పగల బాలుని వంకరగోడయే, చెప్పలేనివాని నున్నని గోడకంటె, మొదటి బహుమతికి తగినది.