కచేరీలో కీర్తన: మద్రాసు సంగీతోత్సవాల్లో తెలుగు సాహిత్య పాఠం – ఒక పరిశీలన

ప్రస్తావన

త్యాగరాజు (1767–1847) కీర్తనలను సాహిత్య విమర్శ సాధారణంగా ముద్రిత పాఠంగానే పరిశీలిస్తుంది. భక్తి తత్త్వం, యతిప్రాసలు, నుడికారం చర్చకు వస్తాయి. కాని ఆ కీర్తనలు నేడు ప్రధానంగా జీవిస్తున్నది కచేరీలో. 1927 డిసెంబరులో మద్రాసు కాంగ్రెసు మహాసభ సందర్భంగా జరిగిన సంగీత సదస్సు ఫలితంగా 1928లో మ్యూజిక్ అకాడమీ ఏర్పడింది. ఏటా డిసెంబరు, జనవరి నెలల్లో చెన్నై సభల్లో సాగే ఉత్సవాలకు అది నాంది. గాత్రం, వీణ, వయొలిన్, నాదస్వరం, నాట్యం ఇలా ఎన్నో రీతుల ప్రదర్శనలు వాటిలో ఉంటాయి. ఆ వైవిధ్యమంతటా తెలుగు రచనలకు పెద్ద వాటా ఉంది. కచేరీ తెలుగు కీర్తనను వినిపించి ఊరుకోదనీ, దాని పాఠాన్ని కొత్తగా నిర్ణయిస్తుందనీ ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

సందర్భం నుండి విడివడిన పాట

నేటి కచేరీ క్రమాన్ని స్థిరపరచిన ఖ్యాతి అరియక్కుడి రామానుజ అయ్యంగారిది (1890–1967). వర్ణంతో ఆరంభం, కొన్ని కృతులు, విస్తారంగా పాడే ఒక ప్రధాన కృతి, చివర పదాలు, జావళీల వంటి లఘు రచనలు, మంగళం – ఇదీ స్థూలంగా ఆ క్రమం. ఇందులో ఒక పాట తరవాత మరొక పాట రావడానికి రాగతాళాల వైవిధ్యమే ప్రధాన కారణం, కథాసంబంధం కాదు.

'ప్రహ్లాద భక్తి విజయము' గేయనాటకంలోని 'వాసుదేవయని' అనే కల్యాణి రాగ రచనను గమనిస్తే దీని పర్యవసానం తెలుస్తుంది. నాటకంలో అది దౌవారికుని ప్రవేశాన్ని సూచించే పాట. ద్వారపాలకుడు హరినామం పలుకుతూ వస్తున్నాడు, చూడండని ప్రేక్షకులకు చెప్పడం దాని పని. కచేరీలో రంగస్థలమూ లేదు, దౌవారికుడూ లేడు. పాత్రపరిచయం వాసుదేవ స్తుతిగా వినబడుతుంది. దీనిని లోపమని తేల్చివేయనక్కరలేదు. ఒకే రచనకు నాటక పాఠం, కచేరీ పాఠం అని రెండు పాఠాలు ఏర్పడ్డాయని గుర్తించాలి.

లోపం, విస్తరణ

కచేరీ పాఠాన్ని రూపొందించే ప్రక్రియలు ముఖ్యంగా రెండు. మొదటిది తగ్గింపు. పలు చరణాలున్న కృతుల్లో తరచుగా ఒక్క చరణమే, ఎక్కువగా ముద్ర ఉన్న చివరిదే, పాడుతారు. తిరువయ్యారులో పుష్య బహుళ పంచమినాడు గోష్ఠిగా పాడే పంచరత్నాలలో చరణాలన్నీ వరుసగా వినబడతాయి. అక్కడ రచన సమగ్రం, ఇక్కడ ఎన్నిక.

రెండవది నెరవల్. సాహిత్యంలో ఒక పంక్తిని ఎన్నుకొని, దాని తాళ స్థానాన్ని కాపాడుతూ పదే పదే కొత్త స్వరసంచారాలతో పాడడం ఇందులోని పద్ధతి. త్యాగరాజు తరచుగా పల్లవిలో ఒక ప్రతిపాదన చేసి, అనుపల్లవి, చరణాల్లో దానిని దృష్టాంతాలతో బలపరుస్తాడు. చరణ పంక్తిపై నెరవల్ సాగినప్పుడు దృష్టాంతమే ప్రధానమై, ప్రతిపాదన నేపథ్యానికి జరుగుతుంది. పుటలో ఒక మెట్టుగా ఉన్న పంక్తి వేదికపై శిఖరమవుతుంది. ఆ పంక్తి అర్థం పూర్తికాని చోట తెగితే, వాక్యమే చెదరుతుంది. కనుక నెరవల్‌కు పంక్తిని ఎన్నుకోవడం గాయకుని భాషాజ్ఞానానికి పరీక్ష. అది సాహిత్య వ్యాఖ్యానం కూడా.

అక్షరం, అర్థం

భాష తెలియని శ్రోతకు ఈ సాహిత్యంతో పనేమిటన్న ప్రశ్న పాతదే. 1943లో తమిళ ఇసై సంగం స్థాపనకు దారితీసిన ఉద్యమం ఆ ప్రశ్ననే బలంగా వేసింది. శ్రోతకు తన భాషలో పాట కావాలన్న ఆ కోరిక న్యాయమైనది. తెలుగు సంగీతానుకూలమైన భాష అని పొగుడుకోవడం దానికి సమాధానం కాజాలదు.

సంగీతానికి సాహిత్యం కేవలం ఆలంబనమేనన్న వాదమూ ఉంది. వాద్య కచేరీ దానిని సమర్థిస్తున్నట్లు కనిపిస్తుంది. పాలకొల్లులో జన్మించిన యు. శ్రీనివాస్ (1969–2014) మాండొలిన్‌పై కృతిని వాయించినప్పుడు మాట వినబడదు. అయితే కృతిని వాయించే వైణికులు సాహిత్యాక్షరాలను అనుసరించి మీటు వేయడం సంప్రదాయం. అంటే పదం మౌనం వహించినా దాని అక్షరవిన్యాసం నాదాన్ని నియమిస్తూనే ఉంటుంది. కచేరీలో అక్షరం నిలుస్తున్నది, జారిపోతున్నది అర్థం. దానిని నిలపడం తెలుగు విమర్శ బాధ్యత.

ఉపసంహారం

రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ (1893–1979) మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు బోధించారు. అన్నమాచార్య కీర్తనలను పరిష్కరించి, వాటిలో కొన్నింటికి స్వరరచన చేశారు. 1974లో సంగీత కళానిధి బిరుదు పొందారు. ఆయనలో ఒక్కటైన రెండు విద్యలు విశ్వవిద్యాలయాల్లో వేర్వేరు శాఖలుగా ఉన్నాయి. కీర్తనల పరిష్కరణలో తాళపత్ర, ముద్రిత పాఠాంతరాలతోపాటు కచేరీ పాఠాన్నీ నమోదు చేయాలి: ఏ చరణాలు పాడుతున్నారు, ఏ పంక్తికి నెరవల్ చేస్తున్నారు, పదం ఎక్కడ విరుగుతున్నది. ఈ సమాచారానికి ధ్వనిముద్రణలు ఆధారం. ఆ పని జరగనంతవరకు మనం చదివే త్యాగరాజు, లోకం వినే త్యాగరాజు వేర్వేరుగానే ఉంటారు.