నాలుగంగుళాల చిందీ

మా మేనమామ సాయుధ రిజర్వు పోలీసుల్లో ఆర్మరర్‌గా పనిచేసి రిటైరయ్యాడు. సరూర్‌నగర్ చెరువుకు దగ్గర్లో ఉంటాడు. ఇంట్లో తుపాకీ లేదు, ఎన్నడూ లేదు. కొత్త రైఫిల్‌ను ఎలా దారికి తెస్తారో చెప్పమని మొన్న అడిగితే, అరంగుళం జీఐ పైపు ముక్క, నూలు తాడు, పాత బనీను పట్టుకొని వరండాలోకి వచ్చాడు. బనీనును కత్తెరతో నాలుగంగుళాల పొడవు, రెండంగుళాల వెడల్పు ముక్కలుగా కోశాడు. తాడు ఒక కొసకు ఇత్తడి నట్టు కట్టి, రెండో కొస ముడిలో గుడ్డముక్క దూర్చి, నట్టును పైపులోకి వదిలాడు. అది జారి టంగుమని గచ్చుకు తగిలింది. ఇక గుంజమని నాకిచ్చాడు. నేను తాడును కొంచెం పక్కకు వంచి లాగాను.

"గట్ల గుంజకు బిడ్డా. తాడు అంచుకు రాసుకుంటే అంచు అరుగుతది. అంచు అరిగితే తూటా వంకర పోతది. సీదా గుంజు, నడుమ ఆగకు."

ఆ తాడు పేరు పుల్‌త్రూ. గుడ్డముక్క పేరు చిందీ. ఎన్‌సీసీ చేసిన ఎవరినడిగినా లెక్క ఠక్కున చెబుతారు: తుడవడానికి నాలుగు బై రెండు, నూనె పట్టించడానికి నాలుగు బై ఒకటిన్నర. తుడిచే గుడ్డ బిగుతుగా ఉంటేనే గొట్టంలోని మరచుట్ల గాడుల్లోకి దిగి మసిని లాక్కొస్తుంది. నూనె గుడ్డ కాస్త వదులుగా ఉంటేనే పల్చటి పొర మిగులుతుంది. అరంగుళం తేడాలో ఇంత ఆలోచన ఉంది.

మామ చేతుల మీదుగా ఎక్కువగా నడిచింది ఎస్ఎల్ఆర్, అంటే సెల్ఫ్ లోడింగ్ రైఫిల్. బెల్జియం వాళ్ల ఎఫ్ఎన్ ఫాల్ నమూనా ఆధారంగా 1960లలో బెంగాల్‌లోని ఈషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారీ మొదలైంది. 7.62 మిల్లీమీటర్ల తూటా, 20 తూటాల మ్యాగజైన్, ఖాళీగానే నాలుగు కిలోలు దాటే బరువు. అంతకుముందున్న త్రీ నాట్ త్రీలో ప్రతి తూటాకూ బోల్టును చేత్తో లాగి తొయ్యాలి. ఎస్ఎల్ఆర్ ఆ పని తనే చేసుకుంటుంది. తూటా గొట్టంలో పోతుండగా వెనకున్న గ్యాసులో కొంత చిన్న రంధ్రం గుండా పైకొచ్చి పిస్టన్‌ను వెనక్కి తంతుంది. ఆ తాకిడికి, గొట్టాన్ని వెనకనుంచి మూసే బ్రీచ్ బ్లాక్ లేచి వెనక్కి వెళుతూ ఖాళీ ఖోకాను, అంటే పేలిన తూటా డొల్లను, కుడివైపు విసిరేస్తుంది. మడమలోని స్ప్రింగ్ మళ్లీ ముందుకు తోస్తే కొత్త తూటా ఛాంబర్‌లోకి చేరుతుంది. ట్రిగ్గర్ ఒక్కసారి నొక్కితే ఒక్కటే గుండు. సెమీ ఆటోమేటిక్ అంటే ఇంతే. సర్వీసు తూటాలు పేల్చే ఇలాంటి సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లు 1959 ఆయుధాల చట్టం కింద నిషిద్ధ ఆయుధాలు, మామూలు లైసెన్సు మీద దొరకవు. అందుకే మన దగ్గర ఈ విద్య పోలీసులు, సైన్యం, ఎన్‌సీసీ దాటి బయటికి రాలేదు.

ఈ నేలకు మాత్రం ఆయుధాలతో పాత చుట్టరికం ఉంది. నిజాం అలీ ఖాన్ కొలువులో ఉంటూ, ఇప్పటి గన్‌ఫౌండ్రీ దగ్గర ఫిరంగులు పోత పోయించిన ఫ్రెంచివాడు రేమండ్ సమాధి దిల్‌సుఖ్‌నగర్‌కు దగ్గర్లోనే, గుట్ట మీద ఉంది. 1798లో చనిపోయాడు. హిందువులకు మూసారాముడు, ముస్లింలకు మూసారహీం. మూసారాంబాగ్ పేరు అక్కడిదే. చిన్నప్పుడు ఆ గుట్టెక్కి రాతి స్తంభం నీడలో కూర్చునేవాళ్లం. తోపులు పోయించినవాడి పేరిట ఊరు ఉందని అప్పుడు తెలియదు.

మళ్లీ మామ పాఠానికి వస్తే, కొత్త రైఫిల్ పెట్టెలోంచి వచ్చేటప్పుడు నిలువెల్లా గ్రీజుతో ఉంటుంది. ఏళ్ల తరబడి గోదాములో తుప్పు పట్టకుండా ఫ్యాక్టరీలోనే పూస్తారు. పైపైన తుడిచేసి చేతికిస్తే అదే మొదటి పొరపాటు. విప్పగలిగినంత విప్పి, కిరోసిన్‌లో గుడ్డ ముంచి మూలమూలా తీయాలి. ఛాంబర్‌లో గ్రీజు మిగిలితే పేలినప్పుడు ఖోకా గోడలను పట్టుకోలేక ఆ బలమంతా బ్రీచ్ బ్లాక్ మీద పడుతుంది. ఫైరింగ్ పిన్ కదిలే రంధ్రంలో మిగిలితే పిన్ను నెమ్మదించి, తూటా అడుగునున్న క్యాపు మీద సరైన దెబ్బ పడదు. మామ చీపురు పుల్లకు గుడ్డ చుట్టి ఆ రంధ్రంలో తిప్పేవాడట, పుల్ల పొడిగా వచ్చేవరకు.

తర్వాత గ్యాసు సంగతి. ఎస్ఎల్ఆర్‌కు గ్యాస్ రెగ్యులేటర్ ఉంటుంది. పిస్టన్‌కు ఎంత గ్యాసు, బయటికి ఎంత అన్నది దాంతో సర్దుతారు. మొదట ఎక్కువ గ్యాసు బయటికి పోయేలా పెట్టి కాలుస్తారు. బ్రీచ్ బ్లాక్ సగం దాకా వెనక్కొచ్చి ఆగిపోతుంది. ఒక్కో మెట్టు బిగిస్తూ పోతే, ఒకచోట ఖోకా చక్కగా ఎగిరిపడి తర్వాతి తూటా ఎక్కుతుంది. మురికిపట్టినా ఆగకుండా ఉండటానికి అక్కడినుంచి మరో రెండు మెట్లు బిగిస్తారు. గ్యాసు ఎక్కువైతే పనిచేయడం ఆగదు, కానీ ప్రతి దెబ్బకూ లోపలి భాగాలు నలుగుతాయి, భుజానికీ తగులుతుంది. కొత్త రైఫిల్‌కు ఇంత ఓపిక చూపనివాడు దాన్ని తొందరగా ముసలిదాన్ని చేస్తాడు.

గురి సరిచేసే జీరోయింగ్ చివర్లో. ఐదేసి గుండ్లు కాల్చి, గుంపు ఎక్కడ పడిందో చూస్తారు. గుంపు పైన పడితే ముందున్న ఫోర్‌సైట్‌ను పైకి తిప్పాలి, కింద పడితే కిందికి. కొత్తవాళ్లు దీన్ని తలకిందులుగా చేస్తారు. నేనూ చేశాను.

కొత్త గొట్టాన్ని ఒక గుండు, ఒక తుడుపు చొప్పున ‘మచ్చిక’ చేయాలని క్రీడా షూటర్లలో కొందరి నమ్మకం. మరచుట్లు కోసిన పనిముట్టు వదిలిన సన్నని గరుకును తూటాలే నునుపు చేస్తాయన్నది అందులోని తర్కం. సర్వీసు రైఫిల్ ఫ్యాక్టరీలోనే మామూలుకన్నా ఎక్కువ ఒత్తిడి తూటాతో పరీక్షకు నిలిచి బయటికొస్తుంది కాబట్టి దానికి ఆ తంతు అక్కర్లేదని మామ అంటాడు. నాకూ అదే నిజమనిపిస్తుంది. మొదటి వారంలో మచ్చికయ్యేది మనిషే. ఏ మ్యాగజైన్ బిగుతు, ఏ స్ప్రింగ్ ఎంత చప్పుడు అన్నది చేతికి ఎక్కుతుంది.

కాల్చిన తర్వాతే అసలు పని. పాత త్రీ నాట్ త్రీ తూటాల క్యాపులో పొటాషియం క్లోరేటు ఉండేది. పేలాక గొట్టంలో మిగిలేది ఉప్పులాంటి పదార్థం, గాలిలో తేమను పీల్చి ఇనుమును తినేస్తుంది. నూనె దాన్ని కరిగించదు, నీళ్లే కరిగించాలి. అందుకే ఫైరింగ్ అయ్యాక గొట్టంలో సలసల కాగే నీళ్లు పోసేవాళ్లు. తర్వాత వచ్చిన తూటాల్లో ఆ బాధ తగ్గినా మసి బాధ పోలేదు. ఎస్ఎల్ఆర్‌లో పిస్టన్, గ్యాస్ ప్లగ్ నల్లగా పేరుకుపోతాయి. వాటిని గీకి, తుడిచి, పొడిగా వదిలేయాలి. నూనె రాస్తే తర్వాతి ఫైరింగ్ వేడికి మాడి పెచ్చు కడుతుంది. తలుపు బందులకు రాసినట్టు ప్రతిదానికీ నూనె రాయడం చాలామంది చేసే తప్పు.

నేను చేసిన తప్పు వేరే. ఒక ఎన్‌సీసీ క్యాంపులో ఫైరింగ్ ముగిసేసరికి వాన పట్టుకుంది. ఆకలి మీదున్నాను. రెండు చిందీలు లాగి, నల్లగా వస్తుండగానే నూనె గుడ్డ వేసేసి అన్నానికి పరుగెత్తాను. తెల్లారి ఉస్తాద్ గొట్టాన్ని వెలుతురు వైపు తిప్పి, బ్రీచ్ దగ్గర బొటనవేలి గోరు అడ్డుపెట్టి, మూతి వైపు నుంచి చూడమన్నాడు. గోరు మీద పడిన వెలుగు గొట్టంలోకి మెరుస్తుంది. ఆ మెరుపులో, మూతికి నాలుగు వేళ్ల లోపల, ఆవగింజంత గోధుమరంగు మచ్చ. ఆయన ఒక్క మాటా అనలేదు. మూడు రోజులు ఆ రైఫిల్‌ను నాచేతే తుడిపించాడు. గొట్టం లోపల్నుంచి చెమర్చినట్టు మసి మర్నాడూ వస్తుందని అప్పుడే చూశాను.

ఏ తుడుపుకైనా మొదటి మెట్టు ఒక్కటే: మ్యాగజైన్ తీయాలి, రెండు మూడుసార్లు కాక్ చేయాలి, ఛాంబర్‌లోకి కంటితో చూసి వేలు పెట్టి తడమాలి. తుపాకీ శుభ్రం చేస్తుండగా ‘మిస్‌ఫైర్’ అయిందని పత్రికల్లో చదువుతుంటాం. ఆ మాట తప్పు. మిస్‌ఫైర్ అంటే ట్రిగ్గర్ నొక్కినా పేలకపోవడం. ఛాంబర్ చూడకుండా ట్రిగ్గర్ నొక్కడం వేరు. ఆ తేడా తెలిసిన మామ ఆ వార్త చదివినప్పుడల్లా పేపరు మడిచి పక్కన పెట్టేస్తాడు. అక్కడ పోయినవాడు తనలాగే కోత్ (ఆయుధాల గది) ముందు బల్ల మీద కూర్చున్నవాడు.

దాచిపెట్టడం గురించి అడిగితే మామ జమ్మిచెట్టు కథ దగ్గరికి వెళ్లాడు. మహర్నవమి నాడు పోలీసు హెడ్‌క్వార్టర్లలో రైఫిళ్లకు పసుపు కుంకుమ పెట్టి ఆయుధపూజ చేస్తారు. అజ్ఞాతవాసానికి ముందు పాండవులు ఆయుధాలు జమ్మి మీద దాచారని అందరికీ తెలుసు. దాచేముందు ప్రతివాడూ తన వింటి నారి సడలించాడని, నకులుడు చెట్టెక్కి గట్టి కొమ్మలు, వాన తగలని చోట్లు వెతికి కట్టాడని సంస్కృత మూలంలో ఉంది. మామ చేసిందీ అదే. ఛాంబర్ ఖాళీ అని చూసుకొని, స్ప్రింగ్ మీద ఒత్తిడి లేకుండా వదిలి, చెమ్మ తగలని ర్యాకులో నిలబెట్టడం. మూతిలో గుడ్డ కుక్కేవాళ్లను మాత్రం ఒప్పుకునేవాడు కాదు. లోపలి తేమ బయటికి రాదు, మరిచిపోయి కాలిస్తే గొట్టమే పగులుతుంది. 2020 అక్టోబరు వానలకు చెరువు కింది కాలనీల్లో రోజుల తరబడి నీళ్లు నిలిచినప్పుడు, ఇంట్లో కుట్టుమిషను విప్పి భాగాలన్నీ తుడిచి నూనె రాసి అటక మీద పెట్టిన మనిషి ఆయన.

చీకటి పడుతుండగా పైపు నా చేతిలో పెట్టి, వీధి దీపం వైపు తిప్పి చూడమన్నాడు. లోపల ఒకచోట తుప్పు పొడి ఇంకా ఉంది.

"ఇంకో చిందీ తీస్కో" అన్నాడు, కత్తెర అందిస్తూ.