తేలికపాటి కిట్ కారుకు ఎంత బలం చాలు?

తేలికపాటి స్పోర్ట్స్ కారును విడిభాగాలుగా కొనుక్కొని, సొంత షెడ్డులో స్వయంగా బిగించుకోవడం బ్రిటన్‌లో రెండో ప్రపంచ యుద్ధం తరువాత బలపడి నేటికీ నిలిచి ఉన్న ఒక చేతిపని సంప్రదాయం. ఇలా పెట్టెల్లో వచ్చిన భాగాలతో కట్టుకునే కారును కిట్ కారు అంటారు. ఈ పనికి పూనుకున్న ప్రతివారికీ రంగు, సీట్లు, చక్రాల ఎంపికకన్నా ముందు ఎదురయ్యే ప్రశ్న ఇంజిన్ బలానికి సంబంధించినది. మిగిలిన నిర్ణయాలను తరువాత మార్చుకోవచ్చు గాని, ఇంజిన్ ఎంపిక మాత్రం గేర్‌బాక్సును, ఇరుసును, బ్రేకులను, టైర్లను, చివరికి చట్రాన్ని కూడా తన వెంట లాక్కుపోతుంది. ఎంత ఎక్కువైతే అంత మేలన్న భావన సహజంగానే కలుగుతుంది. కాని ఈ సంప్రదాయం పుట్టినదే దానికి విరుద్ధమైన ఆలోచన నుంచి.

కాలిన్ చాప్‌మన్ స్థాపించిన లోటస్ సంస్థ 1957లో విడుదల చేసిన సెవెన్ అనే కారు ఈ తరహాకు మూలరూపం. సన్నని ఉక్కు గొట్టాలను వెల్డింగ్ చేసి అల్లిన చట్రం, దానికి తాపడం చేసిన పలుచని అల్యూమినియం రేకులు, ఇద్దరు ఇరుక్కొని కూర్చునే చోటు, బోనెట్ కింద ఫోర్డ్ వారి 1172 సీసీ ఇంజిన్, ఇంతే ఆ కారు. కవాటాలు సిలిండర్ల పక్కన ఉండే పాత పద్ధతి ఇంజిన్ కాబట్టి దాని బలం దాదాపు 40 అశ్వశక్తి మాత్రమే. అప్పటి బ్రిటిష్ కొనుగోలు పన్ను పూర్తిగా తయారైన కారుకు వర్తించేది గాని విడిభాగాల కిట్‌కు వర్తించేది కాదు. అందువల్ల జేబు చిన్నదైన యువకులు కూడా దీనిని కొనుక్కొని ఇంట్లో బిగించుకోగలిగారు. 1961 నాటికి కాస్‌వర్త్ సంస్థ మెరుగుపరచిన 1340 సీసీ ఇంజిన్‌తో, రమారమి 85 అశ్వశక్తి గల సూపర్ సెవెన్ వచ్చింది. 1973లో విలువ ఆధారిత పన్ను అమలులోకి వచ్చి కిట్‌కు ఉన్న వెసులుబాటు పోయిన ఏడాదే సెవెన్ తయారీ హక్కులు కేటర్‌హామ్ కార్స్ సంస్థకు దక్కాయి. ఆ సంస్థ ఈ కారును ఇప్పటికీ తయారుచేస్తోంది, కిట్‌గానూ అమ్ముతోంది. 1996లో రాన్ చాంపియన్ అనే ఉపాధ్యాయుడు 250 పౌండ్లకే ఇటువంటి కారు కట్టుకోవచ్చని చూపుతూ వెలువరించిన పుస్తకం మరో తరాన్ని వెల్డింగ్ పనిలోకి దింపింది; పాత ఫోర్డ్ ఎస్కార్ట్‌ను విప్పి, దాని ఇంజిన్‌ను, ఇరుసును ఇంట్లో కట్టిన చట్రానికి అమర్చే ఈ కార్లకు లోకాస్ట్ అనే పేరు స్థిరపడింది.

బలాన్ని గురించిన లెక్క బరువు దగ్గర మొదలుకావాలి. టన్ను బరువుకు ఎన్ని అశ్వశక్తులు అన్నది ఈ రంగంలో అందరూ వాడే కొలమానం. 1999లో వచ్చిన కేటర్‌హామ్ సూపర్‌లైట్ ఆర్500 పేరులోని 500 ఈ కొలమానమే: 230 అశ్వశక్తి, 460 కిలోల బరువు. అయితే కారు తనంతట తాను నడవదు. 80 కిలోల మనిషి ఎక్కి కూర్చోగానే బరువు 540 కిలోలై, 500 అనే అంకె 426కు దిగిపోతుంది. 1500 కిలోల సెడాన్‌లో అదే మనిషి వల్ల వచ్చే తేడా సుమారు అయిదు శాతమే. కనుక కిట్ కారు విషయంలో నడిపేవారి బరువును కలపకుండా చెప్పే ఏ అంకెనూ లెక్కలోకి తీసుకోనక్కరలేదు. పక్క సీట్లో మరొకరు కూర్చుంటే ఆ కారు స్వభావమే మారిపోతుంది.

బరువు తేలిన తరువాత అసలు ప్రశ్నకు జవాబు చెప్పేది ఇంజిన్ కాదు, వెనుక టైర్లు. ఇంజిన్ ఎంత తిప్పినా, ఆ బలం రోడ్డుకు చేరేది అరచేయంత మేర నేలను తాకే రబ్బరు ద్వారానే. మనిషితో, ఇంధనంతో కలిపి 620 కిలోలున్న కారును ఉదాహరణగా తీసుకుందాం. నిలిచి ఉన్నప్పుడు అందులో సగానికి కాస్త ఎక్కువ బరువు వెనుక చక్రాలపై ఉంటుంది. వేగం పుంజుకునేటప్పుడు మరికొంత వెనక్కు మళ్లుతుంది. పొడి రోడ్డుమీద మామూలు మంచి టైరు తనపై పడిన బరువుకు ఇంచుమించు సమానమైన పట్టు ఇస్తుందనుకుంటే, ఆ కారును ముందుకు నెట్టగల గరిష్ఠ బలం సుమారు 3900 న్యూటన్లని తేలుతుంది. అంతకు మించి నెడితే టైరు జారుతుందే తప్ప కారు ముందుకు పోదు.

ఇక్కడే ఒక కీలకమైన సంబంధం కనిపిస్తుంది. శక్తి అంటే నెట్టుడు బలాన్ని వేగంతో గుణించగా వచ్చేది. కాబట్టి ఇంజిన్ శక్తి స్థిరంగా ఉన్నప్పుడు, వేగం పెరిగేకొద్దీ చక్రాల దగ్గర దొరికే నెట్టుడు బలం తగ్గుతుంది. ఒక అశ్వశక్తి అంటే రమారమి 740 వాట్లు. చక్రాల వద్ద 100 అశ్వశక్తులు ఉంటే, పై కారులో టైర్లు జారే ప్రమాదం గంటకు 68 కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఆ పైన ఆక్సిలరేటర్‌ను పూర్తిగా తొక్కినా టైర్ల పట్టు సరిపోతుంది. 200 ఉంటే ఆ గీత 136 కిలోమీటర్ల దగ్గరికి జరుగుతుంది. వాన పడి రోడ్డు తడిసి, పట్టు పదింట ఆరు వంతులకు పడిపోయినప్పుడు 100 అశ్వశక్తులతోనే ఆ గీత 120 దాటుతుంది. ఇవి స్థూలమైన లెక్కలే. మలుపులో టైరు పట్టులో కొంత భాగం కారును పక్కకు పోకుండా ఆపడానికే ఖర్చవుతుంది గనుక, నిజమైన పరిస్థితి ఇంతకన్నా కఠినంగానే ఉంటుంది.

ఈ లెక్కను బ్రిటన్ పల్లెదారులకు అన్వయిస్తే జవాబు దాదాపు దానంతటదే వస్తుంది. అక్కడ రెండు దిశల వాహనాలూ నడిచే ఊరి బయటి రోడ్ల మీద కార్ల వేగ పరిమితి గంటకు 60 మైళ్లు, అంటే 96 కిలోమీటర్లు. మలుపు నుంచి బయటికి వచ్చే వేగాలు 50కి, 90కి మధ్య ఉంటాయి. ఇంజిన్ దగ్గర 120 నుంచి 150 అశ్వశక్తులు గల కారు ఆ వేగాల్లోనే టైరు పట్టుకు, ఇంజిన్ బలానికి మధ్య గల గీతను దాటుతుంది. అంటే నడిపేవారు పాదాన్ని కొలతగా నొక్కవలసిన అవసరం ఉంటుంది, మలుపు తిన్నబడగానే పూర్తిగా తొక్కే అవకాశమూ ఉంటుంది. సెవెన్‌లో మనిషి కూర్చునేది వెనుక ఇరుసుకు కొద్దిగా ముందు, నేలకు జానెడు ఎత్తున. వెనుక టైరు జారడం మొదలైతే అది కంటికి, చేతికి తెలియకముందే నడుముకు తెలుస్తుంది. స్టీరింగ్‌ను వేలి వెడల్పు మేర ఎదురు తిప్పి, పాదాన్ని కొంచెం వెనక్కు తీస్తే సర్దుకుంటుంది. 300 అశ్వశక్తుల కారులో అదే జారుడు అంతకు సగం కన్నా తక్కువ సమయంలో చేయి దాటిపోతుంది. మొదటి కారులో నేర్పు పెరుగుతుంది, రెండో కారులో జంకు పెరుగుతుంది. ఈ తేడాను గమనించినవారు పికప్ అంకెలు చూసి ఇంజిన్ కొనరు.

గరిష్ఠ వేగం కోసం బలం పెంచడం ఈ కార్లలో అంతకన్నా వృథా. ముందు చక్రాలు బయటికి తేలి, పైకప్పు లేకుండా ఉండే ఈ ఆకారం గాలిని చీల్చుకుపోవడానికి ఏమాత్రం అనువైనది కాదు. గాలి నిరోధాన్ని జయించడానికి కావలసిన శక్తి వేగానికి ఘనంగా పెరుగుతుంది, అనగా వేగం రెట్టింపు కావాలంటే శక్తి ఎనిమిది రెట్లు కావాలి. 80 అశ్వశక్తుల కేటర్‌హామ్ 160 గంటకు 100 మైళ్లు అందుకుంటే, సూపర్‌చార్జర్ బిగించిన 310 అశ్వశక్తుల 620ఆర్ అందుకునేది 155 మైళ్లు. దాదాపు నాలుగు రెట్ల బలానికి దక్కిన ఫలం ఒకటిన్నర రెట్ల వేగం.

బలం పెరిగినప్పుడు బరువు ఎలా వెంటబడుతుందో తెలుసుకోవాలంటే వెనుక ఇరుసును దగ్గరగా చూడాలి. తొలి సెవెన్లలోనూ, చాలా లోకాస్ట్‌లలోనూ ఉండేది రెండు వెనుక చక్రాలను కలిపే ఒకే గట్టి ఇరుసు; డిఫరెన్షియల్ దాని మధ్యలోనే ఉంటుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ దీనిని తిప్పబోయినప్పుడు ఎదురుబలంగా ఇరుసు మొత్తం కొంచెం మెలితిరగబోయి, మామూలు అమరికలో కుడి వెనుక చక్రం మీది బరువును తగ్గిస్తుంది. బ్రిటన్‌లో నడిపే మనిషి కుడివైపునే కూర్చుంటాడు కాబట్టి చిన్న ఇంజిన్‌తో ఈ లోటు చాలావరకు పూడిపోతుంది. బలం పెంచితే ఆ లెక్క చెదిరి కుడి చక్రం ముందుగా తిరిగిపోతుంది. డిఫరెన్షియల్ స్వభావం వల్ల ఎడమ చక్రానికీ అంతే బలం అందుతుంది గనుక కారు అక్కడికక్కడే రబ్బరు కాల్చుకుంటుంది. దీనికి పరిష్కారంగా రెండు చక్రాల వేగాల తేడాకు హద్దు పెట్టే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ వేస్తారు. ఇంకా బలం పెరిగితే డిఫరెన్షియల్‌ను చట్రానికి బిగించి, చక్రాలను వేరొక గొట్టంతో కలిపే డి డియాన్ అమరికకు మారుతారు. దానిని మోయడానికి చట్రానికి అదనపు గొట్టాలు, పెరిగిన బలాన్ని తట్టుకోవడానికి గట్టి గేర్‌బాక్సు, వేగాన్ని ఆపడానికి పెద్ద బ్రేకులు, వాటిని పట్టే పెద్ద చక్రాలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఇవన్నీ తూకానికి కలిశాక, మొదట ఆశించిన టన్నుకింత అన్న అంకె చేతికి చిక్కదు.

ఉన్న బలాన్ని రోడ్డుకు చేర్చడంలో ఈ సంప్రదాయం సాధించిన నైపుణ్యం నాలుగు చక్రాల తూకంలో కనిపిస్తుంది. సమతలమైన నేల మీద నాలుగు చక్రాల కింద నాలుగు తూనికలు పెడతారు. టైర్లలో గాలి సరిచూసి, నడిపేవారి బరువుకు సమానమైన ఇసుక సంచులు సీట్లో వేసి, కారు పక్కకు ఒరగకుండా కట్టడి చేసే కడ్డీని విప్పి ఉంచుతారు. ఆ తరువాత ఒక్కో స్ప్రింగు కింది మరతిరిగే పళ్లాన్ని కొద్దికొద్దిగా తిప్పుతారు. ఒక మూలను ఎత్తితే ఆ చక్రం మీద, దానికి ఐమూలగా ఉన్న చక్రం మీద బరువు పెరిగి, మిగిలిన రెండింటి మీద తగ్గుతుంది. ఐమూలగా ఉన్న రెండు చక్రాల మొత్తం సరిగ్గా సగానికి వచ్చేవరకు, ప్రతి మార్పు తరువాతా కారును ఊపి నిలబెట్టి, మళ్లీ అంకెలు చదువుతూ ఈ పని సాగుతుంది. ఒక సాయంత్రం పట్టే ఈ ఓపిక పని వల్ల కారు కుడికీ ఎడమకీ ఒకే తీరుగా తిరుగుతుంది. బలం కోసం వెచ్చించే సొమ్ములో కొద్ది భాగం ఇక్కడ పెట్టినవారు బాగుపడతారు.

మోటార్‌సైకిల్ ఇంజిన్ వాడే శాఖ ఒకటి ఈ సంప్రదాయంలో ఉంది. దానిది పిట్ట కొంచెం కూత ఘనం అన్న తీరు. మన రోడ్లమీద కూడా పేరుపొందిన సుజుకి హయబూసా ఇంజిన్‌తో వెస్ట్‌ఫీల్డ్ సంస్థ మెగాబూసా అనే కిట్ కారును రూపొందించింది. గేర్‌బాక్సు ఇంజిన్‌లోనే ఇమిడి ఉండటం వల్ల బరువు బాగా తగ్గుతుంది. అయితే బైకుకోసం చేసిన క్లచ్ అంతకన్నా చాలా బరువైన కారును కదిలించవలసి వస్తుంది, వెనక్కు వెళ్లే గేరును వేరుగా ఏర్పాటు చేసుకోవలసి వస్తుంది. వీటన్నిటికన్నా సూక్ష్మమైనది నూనె సమస్య. బైకు మలుపులో ఒరుగుతుంది కాబట్టి ఇంజిన్ అడుగున నూనె తన చోటనే నిలుస్తుంది. కారు ఒరగదు, నూనె పక్కకు ఎగబాకుతుంది, పంపు నూనెకు బదులు గాలిని పీల్చి బేరింగులు క్షణాల్లో పాడవుతాయి. అందుకే నూనె తొట్టిలో అడ్డుపలకలు అమర్చడమో, నూనెను వేరే ట్యాంకులో ఉంచే ఏర్పాటు చేయడమో తప్పనిసరి.

బలానికి హద్దు పెట్టడం వల్ల నైపుణ్యం బయటపడుతుందన్న సంగతిని పందేల నిర్వాహకులు ఎప్పుడో గ్రహించారు. బ్రిటన్‌లోని 750 మోటార్ క్లబ్ లోకాస్ట్ పందేలను 1300 సీసీ ఫోర్డ్ ఇంజిన్లకు పరిమితం చేసింది. 1995లో కొత్తవారికోసం మొదలైన కేటర్‌హామ్ అకాడమీలో అందరికీ ఒకే సాధారణ ఇంజిన్. విద్యార్థుల ఫార్ములా స్టూడెంట్ పోటీల్లోనూ ఇదే సూత్రం నడుస్తోంది. అక్కడ పెట్రోలు ఇంజిన్‌లోకి వెళ్లే గాలి అంతా 20 మిల్లీమీటర్ల రంధ్రం గుండానే పోవాలి. మన దేశంలో జరిగే ఇటువంటి పోటీలకు తెలుగు రాష్ట్రాల ఇంజనీరింగ్ విద్యార్థులు కూడా చట్రాలు వెల్డింగ్ చేసుకొని వెళుతున్నారు. బలానికి హద్దు ఉన్నప్పుడు గెలుపు బరువు దించడంలోనూ, సస్పెన్షన్‌ను సరిదిద్దడంలోనూ మాత్రమే దొరుకుతుంది గనుక, ఈ పోటీలు వారికి నేర్పేది ఈ సంప్రదాయపు అసలు పాఠమే.

బలం తక్కువవైపు హద్దు ఎక్కడన్నది కూడా తేల్చవలసిన విషయమే. 2021లో వచ్చిన కేటర్‌హామ్ 170 దీనికి మంచి ఉదాహరణ. అందులో ఉన్నది సుజుకి వారి 660 సీసీ మూడు సిలిండర్ల టర్బో ఇంజిన్. పరిమాణంలో మన మారుతి 800 ఇంజిన్ కన్నా చిన్నది. 84 అశ్వశక్తులు, 440 కిలోలు, మనిషితో కలిపి టన్నుకు 160 పైచిలుకు. దీని రూపకర్తలు గట్టి ఇరుసుకే కట్టుబడి, టైర్లను 155 మిల్లీమీటర్ల వెడల్పుకే పరిమితం చేశారు. అది పొదుపుకు మాత్రమే పనికొచ్చేది కాదు. టైరు రబ్బరు తగినంత వేడెక్కితేనే పూర్తి పట్టు ఇస్తుంది. ఇంత తేలిక కారు వెడల్పాటి టైరును వేడెక్కించలేదు, అందువల్ల పెద్ద టైరు వేసిన కారు చల్లని ఉదయం సన్న టైరు కారుకన్నా ముందే జారుతుంది. సన్న టైరు తన హద్దును తక్కువ వేగంలోనే, మెల్లగా, ముందుగా తెలియజేస్తూ చేరుకుంటుంది. కొత్తగా కిట్ కట్టబోయేవారు 80, 100 అశ్వశక్తుల మధ్య ఇంజిన్‌తో, సన్న టైర్లతో మొదలుపెట్టి, గేర్‌బాక్సును, ఇరుసును మాత్రం 150 దాకా తట్టుకోగలవిగా ఎంచుకొని, ఒక వేసవీ ఒక చలికాలమూ నడిపిన తరువాతే ఇంకా కావాలా అన్నది నిర్ణయించుకోవడం మేలు. ఇంజిన్‌ను తరువాత మార్చడం రెండు వారాంతాల పని. చట్రంలో అనవసరంగా వేసిన ఉక్కును తీసివేయడం మాత్రం సాధ్యమయ్యే పని కాదు.