విశ్వం ఆకారాన్ని కొలిచే పనితనం

విశ్వం ఆకారాన్ని కొలవడం ఖగోళ శాస్త్రవేత్తల ఓర్పుకు, నేర్పుకు గొప్ప నిదర్శనం. బయట నిలబడి చూసే వీలు లేదు; కొలత లోపలి నుంచే జరగాలి. ఆధారం త్రిభుజం. చదునైన చోట దాని కోణాల మొత్తం 180 డిగ్రీలు; బంతిలా వంగితే ఎక్కువ, జీనులా వంగితే తక్కువ.

మహావిస్ఫోటం తర్వాత సుమారు 3,80,000 ఏళ్లకు బయల్దేరిన కాంతి నేడు మైక్రోవేవ్ తరంగాలుగా అందుతోంది. అందులోని వేడి, చల్లని మచ్చల అసలు పరిమాణాన్ని ఆదిమ ప్లాస్మాలో ధ్వని ప్రయాణించిన దూరం నుంచి లెక్కిస్తారు. మచ్చ రెండు అంచులు, మనం కలిసి ఆ త్రిభుజం అవుతాం; విశ్వం చదునైతే మచ్చలు ఆకాశంలో సుమారు ఒక డిగ్రీ వెడల్పున కనిపించాలి.

మచ్చల మధ్య తేడా సగటు ఉష్ణోగ్రతలో లక్షో వంతు మాత్రమే. అందుకే బూమరాంగ్ అనే ప్రయోగ బృందం గ్రాహకాలను పరమ శూన్యానికి 0.3 డిగ్రీల చేరువకు చల్లబరిచి, 1998 డిసెంబరులో అంటార్కిటికా నుంచి బెలూన్‌లో పంపింది. పాలపుంత ధూళి వెలుగును వేరుచేయడానికి పలు పౌనఃపున్యాల్లో కొలిచింది. 2000లో వెలువడిన ఫలితం చదునైన విశ్వాన్నే చూపింది.

తర్వాత ప్లాంక్ ఉపగ్రహ కొలతలను గెలాక్సీల సర్వేలతో జోడించగా, వక్రత సున్నాకు సుమారు 0.2 శాతం లోపు తేడాతో సరిపోయింది. చదునైన విశ్వం కూడా తనలోకే చుట్టుకుని పరిమితంగా ఉండవచ్చు. దానికి గుర్తుగా ఆకాశంలో ఒకేలాంటి వృత్తాల జంటల కోసం వెతికారు, ఇంతవరకు కనబడలేదు.