పురుసత్ ఎవరిది?

స్త్రీల చేతిపనిని మన సాహిత్య విమర్శ రెండు రకాలుగానే చూసింది. కాలక్షేపంగా, లేదంటే ప్రతీకగా. కాలక్షేపమని కొట్టిపారేసే వాళ్ళతో చాలాకాలంగా తగాదా పడుతూనే ఉన్నాం. ప్రతీకగా చదివేది ఎక్కువగా మనమే. ఆ తగాదా ఇంకా మొదలు కాలేదు.

వర్జీనియా వుల్ఫ్ నవల ‘టు ది లైట్‌హౌస్’ (1927) తీసుకుందాం. లైట్‌హౌస్ కాపలాదారు కొడుక్కి తుంటి క్షయ. వాడికోసం మిసెస్ రామ్సే మేజోడు అల్లుతుంటుంది. జేమ్స్ కాలికి పెట్టి కొలిస్తే ఇంకా పొట్టిగానే ఉంటుంది. ఎనిమిదిమంది పిల్లలు, అతిథులు, ఓదార్పు కోసం వచ్చి నిలబడే భర్త, వీళ్ళందరి మధ్యా అల్లిక సాగుతుంది. అది పూర్తి కాదని మొదటి భాగం చివర ఆమే అనేస్తుంది. తర్వాతి భాగంలో ఆమె చావు బ్రాకెట్ల మధ్య ఒక్క వాక్యం. నవల ముగిసేసరికి లిలీ బ్రిస్కో బొమ్మ మాత్రం పూర్తవుతుంది. ఆడవాళ్ళకు బొమ్మలేయడం, రాయడం చేతకాదన్న టాన్స్లీకి అది జవాబు కనక ఆ బొమ్మను మనం తలకెత్తుకున్నాం. సరే. మరి మేజోడు? అది ‘త్యాగానికి గుర్తు’ అయిపోయింది. గుర్తుగా మారాక, ఆ పిల్లవాడి కాలికి చలేస్తుందన్న సంగతి ఎవరికీ పట్టలేదు.

పి. సత్యవతి ‘ఇల్లలకగానే’ కథలో ఇల్లాలు ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మర్చిపోతుంది. ఇంటి చాకిరీ అలాంటిది. అలికిన ఇల్లు మళ్ళీ మాస్తుంది, వండింది సాయంత్రానికి మిగలదు. అల్లిన వరస మాత్రం మర్నాడూ ఉంటుంది. స్త్రీలు అల్లికను ఇష్టపడటంలో ఈ ‘మిగలడం’ పాత్ర ఎంతన్నది మనం అడగలేదు.

ఇది పుస్తకాల్లో తేలే విషయం కాదని నాకు ఆర్మూర్‌లో తెలిసింది. పీహెచ్‌డీలో చేరిన చలికాలంలో అమ్మ కోసం ఒక ఊలు మఫ్లర్ మొదలుపెట్టాను. పసుపు ఉడకబెట్టే రోజుల్లో అమ్మ తెల్లవారకముందే కళ్ళానికి వెళ్ళేది. థీసిస్, ఏడాదికొక కాలేజీలో గెస్టు పాఠాలు, కాన్పు. మఫ్లర్ పదకొండేళ్ళు పట్టింది. ఈలోపు మోకాళ్ళ నొప్పులతో అమ్మ కళ్ళానికి వెళ్ళడం మానేసింది.

చివరి వరసల్లో ఉండగా, చాటలో తునికాకు పెట్టుకుని బీడీలు చుడుతున్న పక్కింటి వదినె అడిగింది: “గిది అల్లితే వెయ్యికెంత ఇస్తరు?”

“ఎవ్వరియ్యరు వదినె. అమ్మకు.”

“అయితే నీకు పురుసతున్నదన్నట్టు.”

పురుసతంటే తీరిక. ఆమె ప్రశ్న అమాయకమైనది కాదు. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంట్లో కూర్చుని చుట్టే మనిషిని కూడా కార్మికురాలిగానే గుర్తించింది. కూలి తక్కువే అయినా, ఆమె చేతిపనికి వెయ్యికింత అని లెక్క ఉంది. అదే గోదావరి జిల్లాల లేసు అల్లికలో చూడండి. మారియా మీస్ 1982లో ప్రచురించిన నర్సాపూర్ పరిశోధనలో చెప్పిందేమిటి? ప్రపంచ మార్కెట్‌కు లేసు అల్లే స్త్రీలను ‘గృహిణులు’ అన్నారు. వాళ్ళ శ్రమను ‘తీరిక సమయపు పని’ అన్నారు. ఆ ఒక్క మాటతో కూలి అడుక్కి పోయింది, ఎగుమతి లాభం వ్యాపారుల చేతికి పోయింది. నర్సాపూర్ క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు ఊరికి దక్కింది. అల్లే మనిషి గంటల లెక్క ఆ పత్రంలో ఇమడదు. పసుపు సంగతీ అంతే. కొమ్మును, మండను వేరుచేసే చేతులు ఎక్కువగా ఆడవాళ్ళవి. నిజామాబాద్ యార్డులో ధర పలికేది కొమ్ముకూ, మండకూ.

మరి నా పురుసత్ ఎక్కణ్ణించి వచ్చింది? నేను చదువుకున్నప్పుడు ఇల్లు నడిపింది అమ్మ. నా పిల్లను పెంచింది అమ్మ. తన మెడలోకి రావలసిన మఫ్లర్‌కు కావలసిన గంటల్ని కూడా అమ్మే ఇచ్చింది. దీన్ని ప్రేమ అని మాత్రమే అంటే, తీరిక అన్నవాళ్ళ లెక్కలోకే మనమూ పోతాం.

అల్లికలో ముగింపు వరస ఒకటుంటుంది. ఒక్కో కుట్టును పక్క కుట్టు మీదుగా దాటించి, ఆఖరి ముడిలోంచి దారాన్ని లాగి బిగించాలి. అది చేయకపోతే ఏ ఒక్క కుట్టు జారినా ఏళ్ళ పని కిందిదాకా విడిపోతుంది. పూర్తి చేయడమంటే అప్పటిదాకా పెట్టిన గంటల్ని నిలబెట్టుకోవడం. థీసిస్ సమర్పించిన రోజుకు ఎంత విలువుందో దీనికీ అంతే ఉందని నేననుకుంటున్నాను.

కాబట్టి కథలో సూదీ దారం కనబడగానే ప్రతీక కోసం వెతికే ముందు కొన్ని మామూలు ప్రశ్నలు వేద్దాం. ఎవరి కోసం అల్లుతోంది? కూలెంత? ఆ గంటలు ఎవరివి? లిలీ బొమ్మ పూర్తయినందుకు సంతోషిద్దాం. ఆ మేజోడు ఎందుకు ఆగిపోయిందో మన వదినె అడిగినంత సూటిగా అడుగుదాం.