ఆవ, పులుపు, చెంచాడు పోపు

ఇంట్లో ఒకరికి స్టెంట్ పడిందంటే ఆ వారంలోనే వంటగదిలో శిక్ష అమల్లోకి వస్తుంది. డాక్టరు "ఉప్పు, నూనె తగ్గించండి" అంటాడు. ఇంటివాళ్ళకి మాత్రం "రుచి తీసేయండి" అని వినబడుతుంది. పొద్దున ఓట్స్ జావ, మధ్యాహ్నం ఉడకేసిన సొరకాయ, రాత్రి రెండు పుల్కాలు. పెద్దాయన కొన్నాళ్ళు బుద్ధిగా తింటాడు. ఆ తర్వాత ఎవరూ చూడనప్పుడు ఆవకాయ జాడీ మూత లేస్తుంది. ఆయన్ని తప్పుపట్టి లాభం లేదు. చప్పిడి కూడు ఏ మనిషైనా ఎన్నేళ్ళు తింటాడు?

అసలా చప్పిడి కూడు అక్కర్లేదు. ఉప్పు మీదా నూనె మీదా భారం వేయకుండా రుచి పుట్టించే పద్ధతులు తెలుగు వంటలో ఎప్పటినుంచో ఉన్నాయి. వేపుళ్ళు, నిలవ పచ్చళ్ళు, బిర్యానీలు పళ్ళెంలో చోటంతా ఆక్రమించుకున్నాక వాటిని వాడటం తగ్గించేశాం, అంతే. ఈ సంగతి జబ్బు చేసినవాళ్ళకే కాదు, నలభై దాటని వాళ్ళకీ పనికొస్తుంది. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియావాళ్ళకి మొదటి గుండెపోటు మిగతా ప్రపంచం కంటే ఇంచుమించు ఆరేళ్ళు ముందే వస్తోందని తేలింది.

ముందు ఉప్పు లెక్క చూద్దాం. పెద్దవాళ్ళకి రోజుకి 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. తలకొట్టి కొలిస్తే ఒక టీస్పూను. ఆ లెక్కన నలుగురున్న ఇంట్లో కిలో ప్యాకెట్టు 50 రోజులు రావాలి. మీ ఇంట్లో ఎన్నాళ్ళకోసారి కొంటున్నారో పచారీ చీటీ చూసుకుంటే చాలు, వేరే పరీక్షలేం అక్కర్లేదు. అందులోనూ కొనుక్కొచ్చిన అప్పడాల్లో, మిక్చర్లో, హోటల్ సాంబారులో ఉన్న ఉప్పు ఈ కిలోలోకి రాలేదు.

మన వంటలో ఉప్పు రెండు పనులు చేస్తుంది. ఒకటి నాలుక కోసం, రెండోది నిలవ కోసం. ఆవకాయలో కారం, ఆవపిండి, ఉప్పు ఇంచుమించు సమపాళ్ళలో పడతాయి. ఆ ఉప్పు మామిడి ముక్క ఏడాది పొడుగునా బూజు పట్టకుండా కాపలా కాయడానికి. వడియం, ఊరమిరపకాయ, ఎండుచేప, అప్పడం అన్నీ ఈ తెగవే. కూరలు దొరకని రోజుల కోసం వేసవిలో చేసిపెట్టుకున్న ముందుజాగ్రత్త అది. ఇప్పుడు వీధి చివర బండి మీద ఏడాదంతా కూరలున్నాయి, ఇంట్లో ఫ్రిజ్ ఉంది, అయినా కాపలా ఉప్పు మాత్రం పూటపూటా తింటున్నాం. రోటి పచ్చడి సంగతి వేరు. ఇవాళ నూరి ఇవాళే తినేది గనక నాలుకకి సరిపడా వేస్తే చాలు. సెగ మీద కాల్చిన వంకాయ, పచ్చి దోసకాయ ముక్కలు, పారేయబోయిన బీరపొట్టు, వేయించిన నువ్వులతో నూరిన దొండకాయ. వీటిలో కాల్చిన వాసన, పులుపు, కమ్మదనం కలిసి ఉప్పు లోటు తెలియనివ్వవు. పీచు అదనంగా వస్తుంది. ఆవకాయ మానేయమని నేను చెప్పను, చెప్పినా తెలుగువాళ్ళెవరూ వినరు. అది ఆదివారం విందుగా ఉంటే గౌరవంగా ఉంటుంది.

పులుపుది అసలు పెద్దరికం. నాలుక మీద పులుపు ఉన్నప్పుడు అంతే ఉప్పు మరింత ఉప్పగా తోస్తుంది. చప్పగా ఉందనిపించిన కూరలో ఉప్పు వేయబోయే ముందు నాలుగు చుక్కలు నిమ్మరసం పిండి చూడండి, చాలాసార్లు చెయ్యి ఉప్పు డబ్బా దాకా పోదు. ప్రపంచంలో చాలామందికి నిమ్మకాయో వెనిగరో తప్ప వేరే గతి లేదు, మనకి మాత్రం రుతువుకో పులుపు. ఎండాకాలం మొదట్లో చింతచిగురు, తర్వాత పచ్చిమామిడి, వానల్లో వాక్కాయ, చలికాలంలో ఉసిరి. గోంగూర, చుక్కకూర, పుల్ల మజ్జిగ ఎప్పుడూ ఉండేవే. ఒకే కందిపప్పు ఈ పులుపుల్ని బట్టి ఏడాదిలో ఎన్ని వేషాలు వేస్తుందో! వైవిధ్యం కోసం వేరే దేశపు వంటల పుస్తకం కొనక్కర్లేదు. ఒక్క జాగ్రత్త: పులుసులో ఉప్పు మొదటే వేస్తే అది మరిగి చిక్కబడేసరికి ఎక్కువైపోతుంది. దించే ముందు వేస్తే తక్కువతో సరిపోతుంది. పులుపు ఎక్కువైందని గుప్పెడు బెల్లం వేసి సరిదిద్దడం కూడా మంచి అలవాటు కాదు.

ఇక ఆవ పెట్టిన కూర. తెలుగు వంటలో అతి తక్కువ నూనెతో అతి ఎక్కువ రుచి ఇచ్చే పద్ధతి ఏదంటే నేను దీనికే ఓటేస్తాను. గోదావరి జిల్లాల్లో పనసపొట్టుకి, అరటికాయకి, కంద బచ్చలికి ఇది పెట్టింది పేరు. ఎండు ఆవగింజ నోట్లో వేసుకుంటే పెద్ద ఘాటేం ఉండదు. నీళ్ళు తగిలి నలిగినప్పుడే దానిలోని ఎంజైము పనిచేసి ముక్కుకెక్కే ఘాటు పుడుతుంది. అందుకే ఆవాల్ని ఎండుమిరపకాయ, చిటికెడు ఉప్పు కలిపి నీళ్ళతో నూరి, కాసేపు పక్కన పెట్టాలి. కూరని పసుపు, చింతపండు రసం వేసి ఉడికించి, పోపు పెట్టి, పొయ్యి మీంచి దించి, వేడి కొంచెం తగ్గాకే ఆ ముద్ద కలపాలి. సలసల కాగుతున్న కూరలో కలిపారంటే ఘాటు ఆవిరైపోయి చేదు మిగులుతుంది. "మా ఇంట్లో ఆవ పెడితే చేదొస్తుంది" అనేవాళ్ళు చాలామంది ఈ ఒక్క చోటే తొందరపడతారు. అరటిదూట పెరుగు పచ్చడిలోనూ ఇదే సూత్రం. ముక్కు అదిరే వంటకానికి ఉప్పు తగ్గిందో లేదో ఎవరూ అడగరు.

పోపు గురించి జనంలో ఒక అపోహ ఉంది, నూనె ఎక్కువుంటేనే పోపు బాగుంటుందని. పోపులో నూనె వాహనం మాత్రమే. ఆవాలు, జీలకర్ర, ఇంగువ, కరివేపాకుల వాసనలు నీళ్ళలో కంటే నూనెలో బాగా కరుగుతాయి, ఆ నూనె వాటిని ముక్కు దాకా మోసుకొస్తుంది. అందుకు మనిషికి అర చెంచా చాలు. లోతుగా, చిన్నగా ఉండే పోపు గరిటె అందుకే ఉంది. వెడల్పాటి బాండీలో చెంచాడు నూనె పోస్తే అడుగంతా పరుచుకుని పోపు మాడుతుంది, అప్పుడు ఇంకో రెండు చెంచాలు పోస్తాం. గరిటెలో ముందు ఆవాలు చిటపటలాడాలి, తర్వాత మినప్పప్పు, అది ఎర్రబడ్డాక జీలకర్ర, మిరపకాయ, ఆఖర్న ఇంగువ, కరివేపాకు. వండటం మొదలెట్టేటప్పుడు కాక, కూరో పప్పో అయ్యాక పైన వేసి వెంటనే మూత పెడితే వాసన గిన్నెలోనే ఉంటుంది, మూత తీయగానే ముందు అదే పలకరిస్తుంది.

ఏ నూనె అన్న ప్రశ్నకి వాట్సాప్‌లో రోజుకో జవాబు వస్తుంది. వేరుశనగ, నువ్వులు, తవుడు నూనెల్లో ఏదైనా, మార్చి మార్చి, కొద్దిగా వాడుకుంటే ఇబ్బంది లేదు. పామాయిల్‌లో సగం సంతృప్త కొవ్వే. దాని మీద పరిశోధనకి ఏలూరు దగ్గర పెదవేగిలో ఏకంగా జాతీయ సంస్థ ఉంది, రైతుకి అది మంచి పంట కూడా. కానీ రోజూ బాండీలో మరగాల్సిన నూనె కాదు. నెయ్యిలో సంతృప్త కొవ్వు ఇంకా ఎక్కువ. ముద్దపప్పు మీద చిన్న చెంచా నెయ్యిని నేను సమర్థిస్తాను, గిన్నె పక్కన పెట్టుకుని వంచుకునే నెయ్యిని కాదు. పొద్దునే వెల్లుల్లి రెబ్బ మింగితే రక్తనాళాలు కడిగినట్టవుతాయన్న సందేశాన్ని మాత్రం చదివి నవ్వుకోవచ్చు. వెల్లుల్లి పప్పులో బాగుంటుంది, అదే దాని ఘనత.

1997లో అమెరికాలో వెలువడిన డాష్ అధ్యయనం ఒక ఆసక్తికరమైన సంగతి చెప్పింది. కూరలు, పళ్ళు, పప్పుగింజలు, వెన్న తక్కువున్న పాలపదార్థాలు బాగా పెట్టి చూస్తే, ఉప్పు మార్చకుండానే రక్తపోటు తగ్గింది. ఆ జాబితాని తెలుగులోకి తెస్తే తోటకూర పప్పు, కవ్వంతో చిలికి వెన్న తీసిన మజ్జిగ, ఒక జామకాయ. తెలంగాణలో గంగవాయిలి కూర అని పిలిచే ఆకు పొలం గట్ల మీద ఊరికే మొలుస్తుంది. ఒమేగా-3 కొవ్వు ఎక్కువగా ఉండే ఆకుకూరల్లో అదొకటి. కొంచెం పులుపు దాని సొంతమే గనక పప్పులో చింతపండు కూడా తగ్గించుకోవచ్చు. అవిసెగింజల్లోనూ ఆ కొవ్వు ఉంది. వాటిని వేయించి, ఎండుమిర్చి, జీలకర్ర, వెల్లుల్లితో పొడి కొట్టుకుంటే ఇడ్లీకి, అన్నానికి చేతికందే ఆదరువు. కరక్కాయంత కారప్పొడిలో గరిటెడు నూనె గుంట చేసి పోసుకునే అలవాటు ఉన్నవాళ్ళు దానికి బదులు కాస్త మజ్జిగ పోసి కలుపుకుని చూడండి.

ఉలవచారుది వింత కథ. కృష్ణా జిల్లాలో ఎడ్లకి ఉలవలు ఉడకబెట్టి పెట్టేవాళ్ళు, మిగిలిన కట్టుని మనుషులు చారు కాచుకున్నారు. గింజ ఎద్దుకి, రసం మనిషికి. ఇప్పుడు ఎడ్లు పోయాయి, గింజ కూడా మనమే తినొచ్చు. పప్పుగింజల్లో కరిగే పీచు పేగుల్లో పైత్యరసాన్ని పట్టుకుని బయటికి తీసుకుపోతుంది. మళ్ళీ పైత్యరసం తయారు చేసుకోవడానికి కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ని లాక్కుంటుంది. హోటళ్ళలో అదే చారు మీద గరిటెడు మీగడ తేలుతూ వస్తుంది. పీచు చేసిన మేలంతా మీగడ మింగేస్తుంది.

పళ్ళెంలో అసలు సమస్య అన్నం కుప్ప. తెల్లన్నం ఎక్కువైతే రక్తంలో ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి, మనవాళ్ళ రిపోర్టుల్లో తరచూ కనిపించేది అదే. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వేసిన భోజనపళ్ళెం బొమ్మలో సగం కూరలు, పళ్ళే. మన పళ్ళెంలో కూర నంజుకోవడానికి ఉంటుంది. అందుకే కూరని ఉప్పగా, కారంగా వండుతాం, అంత అన్నాన్ని అది ఒక్కటే లాక్కురావాలి గనక. అన్నం తగ్గిస్తే కూరలో ఉప్పు దానంతటదే తగ్గుతుంది. జొన్నరొట్టెకి చుక్క నూనె అక్కర్లేదు, రాగిసంకటికీ అంతే.

చేపల విషయంలో తీరం వాళ్ళకి చెప్పేదేం లేదు. చవగ్గా దొరికే కవళ్ళు, కానాగంతల్లోనే గుండెకి మేలుచేసే కొవ్వుంది. వేపుడు కంటే పులుసు పెట్టడమే వాటికి న్యాయం.

కొందరు డాక్టరుని అడక్కుండా ఏదీ మార్చకూడదు. తక్కువ సోడియం ఉప్పులో పొటాషియం ఉంటుంది, కిడ్నీ జబ్బున్నవాళ్ళకి, కొన్ని బీపీ మందులు వాడేవాళ్ళకి అది ప్రమాదం. వార్ఫరిన్ వేసుకునేవాళ్ళు ఆకుకూరలు ఒకరోజు కుప్పలుగా, ఒకరోజు అసలు లేకుండా తినకూడదు, రోజూ ఒకే పాళ్ళలో తినాలి.

మిగతా అందరికీ ఒకటే గిన్నె పెట్టండి. పెద్దాయనకి వేరే వండితే ఆయనకి అవమానం, వండేవాళ్ళకి రెట్టింపు చాకిరీ. ఉప్పు ఒక్కసారిగా కాక వారానికి కాస్త చొప్పున తగ్గిస్తూ పోతే ఎవరికీ తెలియదు. రెండు మూడు నెలల్లో నాలుక కొత్త పాళ్ళకి అలవాటు పడుతుంది. ఆ తర్వాత ఏ పెళ్ళి భోజనానికో వెళ్ళినప్పుడు, వంకాయ కూర నోట్లో పెట్టుకుని "ఇదేంటి, ఇంత ఉప్పు కుమ్మరించారు" అని పెద్దాయనే పక్కవాళ్ళతో అంటాడు.